క్రియ చివర ఏముందో చూడండి: తెలుగు సాహిత్య ఉద్యమాలను భాష వైపు నుంచి చదవడం

తెలుగు సాహిత్య చరిత్రను పరీక్ష కోసం చదివిన ఎవరినైనా అడగండి, వరస గడగడా చెప్పేస్తారు. భావకవిత్వం, అభ్యుదయం, దిగంబరం, విప్లవం, స్త్రీవాదం, దళితవాదం, ముస్లింవాదం. ఒక్కోదానికి ఒక సంవత్సరం, ఇద్దరు ముగ్గురు కవులు, నాలుగు లక్షణాలు. అదే విద్యార్థికి ఇంకో పేపర్లో భాషాశాస్త్రం ఉంటుంది: ధ్వనులు, పదాంశాలు, ద్రావిడ భాషల వర్గీకరణ, మాండలికాలు. ఈ రెండు పేపర్లూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. సాహిత్యం వాళ్లకి భాషాశాస్త్రం పొడిగా కనిపిస్తుంది, భాషాశాస్త్రం వాళ్లకి సాహిత్యం అభిప్రాయాల గోలగా కనిపిస్తుంది. ఈ విడదీయడం వల్ల మనం చాలా నష్టపోయామని నా నమ్మకం. ఎందుకంటే తెలుగులో ఆధునిక ఉద్యమాలు దాదాపు అన్నిటి లోపలా ఒక భాషా తగాదా ఉంది. ఎవరి నోట్లో తెలుగు అచ్చులోకి రావచ్చు, ఎవరిది రాకూడదు అన్నదే ఆ తగాదా. అది పట్టుకుంటే వాదాల జాబితా బట్టీ పట్టే పని తప్పుతుంది, ఒకదాని తర్వాత ఇంకోటి ఎందుకొచ్చిందో దానంతట అదే అర్థమవుతుంది.

చిన్న ఉదాహరణతో మొదలుపెడదాం. ఒక మనిషి రావడం జరిగిపోయింది. దాన్ని పాత గ్రంథాల తెలుగులో "వచ్చెను" అనో "వచ్చినాఁడు" అనో రాస్తారు. రాయలసీమలో చాలాచోట్ల "వచ్చినాడు" అంటారు. కృష్ణా, గుంటూరు వైపు "వచ్చాడు". తెలంగాణలో "వచ్చిండు". ఇందులో ఏది కరెక్టు అని అడిగితే చాలామంది తడుముకోకుండా ఒకటి ఎంచుకుంటారు, ఎక్కువమంది "వచ్చాడు" అంటారు. భాషాశాస్త్రం నేర్పే మొదటి పాఠం ఏమిటంటే, ఆ ప్రశ్నే సరిగ్గా లేదు. "వచ్చినాడు" పక్కన మిగతా రెండూ పెట్టి చూడండి. "వచ్చాడు"లో మధ్యనున్న "న" కనిపించదు, "వచ్చిండు"లో "న" సున్నాగా మిగిలింది కానీ దీర్ఘం కనిపించదు. రెండూ కుదించుకున్నవే, కుదించుకున్న చోటు వేరు. పైగా ఇది ఒక్క మాటకి పరిమితం కాదు. చెప్పాడు, కొట్టాడు, పిలిచాడు అన్నవాళ్లు ఎంత క్రమంగా అంటారో చెప్పిండు, కొట్టిండు, పిలిచిండు అన్నవాళ్లూ అంతే క్రమంగా అంటారు. ఎవరూ నేర్పకుండానే మూడేళ్ల పిల్లకి కూడా ఆ సూత్రం తెలుసు, తను ఎప్పుడూ వినని కొత్త క్రియకి కూడా సరిగ్గా అతికిస్తుంది. అంటే మాట్లాడే భాషకి వ్యాకరణం లేకపోవడం అన్నది ఉండదు. రాసిపెట్టిన వ్యాకరణం లేకపోవచ్చు, అంతే.

ఇప్పుడిది మామూలు సంగతిలా అనిపిస్తుంది. నూట పాతికేళ్ల కిందట దీన్ని ఒప్పించడానికి మనుషులు జీవితాలు ధారపోశారు.

చిన్నయసూరి చేసిన పని, దాని చుట్టూ జరిగిన పని

పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక, 1858లో బాలవ్యాకరణం ప్రచురించాడు. రెండూ గొప్ప పనులే. బాలవ్యాకరణం అంత పొదుపైన, అంత బిగువైన వ్యాకరణం తెలుగులో మళ్లీ రాలేదని నేను అనుకుంటాను. సూత్రాలు చదువుతుంటే ఒక్క అక్షరం ఎక్కువ పడకుండా రాయడం అంటే ఏమిటో తెలుస్తుంది. అయితే ఆయన వర్ణించిన భాష ఏది? పూర్వ కవుల పద్యాల్లో కనిపించే భాష. అందులో ఆయన తెలుగు మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు రకాలు చేసి, లక్షణానికి విరుద్ధమైన భాషను గ్రామ్యం అన్నాడు. లక్షణం అంటే కావ్యభాష లక్షణం. ఆ లెక్కన అప్పటికి ఊళ్లలో, బజార్లలో, చివరికి పండితుల ఇళ్లలో కూడా మాట్లాడుతున్న తెలుగులో సగం గ్రామ్యం అయిపోతుంది.

ఇక్కడ భాషాశాస్త్రం ఒక తేడా చూపిస్తుంది, వర్ణనాత్మక వ్యాకరణం వేరు, ఆదేశాత్మక వ్యాకరణం వేరు అని. మొదటిది ఉన్నదాన్ని చెబుతుంది, రెండోది ఉండాల్సినదాన్ని చెబుతుంది. చిన్నయసూరి పుస్తకం కావ్యభాషకి వర్ణన. దాన్ని ఆ తర్వాతి తరం స్కూల్లో వచనం రాసే ప్రతి పిల్లవాడికీ చట్టంగా మార్చింది. వందల ఏళ్ల కిందటి పద్యాలకు సరిపోయే క్రియారూపాలు, అరసున్నలు, బండి ఱలు, కళలు, ద్రుతాలు, సరళాదేశాలు, ఇవన్నీ పరీక్షలో వ్యాసం రాసే పిల్లలకి నెత్తిన పడ్డాయి. అరసున్న పలికేవాడు అప్పటికే ఎవడూ లేడు. లేని ధ్వనికి గుర్తు ఎక్కడ పెట్టాలో నేర్చుకోవడమే భాష నేర్చుకోవడం అయిపోయింది.

గిడుగు వెంకట రామమూర్తికి ఇది ఎందుకు తట్టింది, అంతకన్నా పెద్ద పండితులకి ఎందుకు తట్టలేదు అన్నది నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే సంగతి. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషను వాళ్ల నోట విని నేర్చుకున్నాడు. ఆ భాషకి అప్పటికి లిపి లేదు, కావ్యాలు లేవు, పండితులు లేరు. ఏది సరైన సవర అని చెప్పడానికి పుస్తకం ఏదీ లేనప్పుడు మాట్లాడే మనిషే ప్రమాణం. అలా వింటూ రాసుకుంటూ పోతే ఆ భాషలో ఎంత కట్టుదిట్టమైన వ్యవస్థ ఉందో కనిపించింది. తర్వాత ఆయన సవర భాషకి వ్యాకరణం రాశాడు, నిఘంటువు రాశాడు. ఆ చెవితోనే తెలుగు విన్నాడు. నా ఉద్దేశంలో వ్యావహారిక భాషోద్యమం, అంటే మాట్లాడే తెలుగులోనే రాయాలన్న ఉద్యమం, అసలు పుట్టింది సవరల దగ్గర. తెలుగు సాహిత్య చరిత్రలో ఈ మాట ఒక వాక్యంగా దాటేస్తారు కానీ, అది పుస్తకంలో సగం ఉండాల్సిన విషయం.

డైగ్లోసియా అనే పరిస్థితి

1959లో చార్లెస్ ఫెర్గుసన్ అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త ఒక వ్యాసం రాశాడు. కొన్ని సమాజాల్లో ఒకే భాషకి రెండు రూపాలు పక్కపక్కనే ఉంటాయి, ఒకటి పై భాష, ఒకటి కింది భాష అన్నాడు. పై భాష ఎవరికీ మాతృభాష కాదు, బడిలో నేర్చుకోవాల్సిందే. దానికి పాత సాహిత్యం ఉంటుంది, గౌరవం ఉంటుంది, వ్యాకరణ గ్రంథాలు ఉంటాయి. కింది భాషలోనే అందరూ బతుకుతారు, కానీ దాన్ని భాష అని ఒప్పుకోరు, ఒక్కోసారి అది ఉందనే ఒప్పుకోరు. ఈ పరిస్థితికి డైగ్లోసియా అని పేరు పెట్టి అరబిక్, గ్రీకు, స్విట్జర్లాండ్ జర్మన్, హైతీ క్రియోల్ ఉదాహరణలుగా చూపించాడు. అది చదివిన తెలుగువాడికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మన గొడవ కళ్లముందు కదులుతుంది.

ఇది మన ఒక్కరి గొడవ కాదని తెలియడం కూడా అవసరం. గ్రీసులో బైబిల్ సువార్తను వాడుక గ్రీకులోకి అనువదించి పత్రికలో వేసినందుకు 1901లో ఏథెన్స్ వీధుల్లో అల్లర్లు జరిగి మనుషులు చనిపోయారు. అక్కడ వాడుక భాష అధికార భాష కావడానికి 1976 దాకా పట్టింది. బెంగాల్లో సాధుభాష, చలితభాష అని ఇలాంటి రెండు రూపాలే ఉండేవి. అక్కడ ప్రమథ చౌధురి 1914లో సబుజ్ పత్ర అనే పత్రిక మొదలుపెట్టి చలితభాషకి వేదిక ఇచ్చాడు. సరిగ్గా ఆ ఏడాదే ఇక్కడ గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీలో మెజారిటీ నిర్ణయంతో విభేదిస్తూ తన అసమ్మతి పత్రం ఇచ్చాడు. విద్యార్థులు వ్యాసాలు ఏ తెలుగులో రాయాలన్నది అక్కడి ప్రశ్న. గురజాడ ఓడిపోయాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. ఆయన బతికుండగా ఈ గొడవలో గెలుపు ఆయన చూడలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎదుటి పక్షం వాదన కూడా న్యాయంగా చెప్పుకోవాలి. జయంతి రామయ్య పంతులు, ఆయన 1911లో పెట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు, వీళ్లు మూర్ఖులేం కాదు. రామయ్య పంతులు శాసనాలు చదివిన మనిషి, పాత తెలుగు ఆయనకి మనందరికన్నా బాగా తెలుసు. వాళ్లు అడిగినదాన్ని సూటిగా పెడితే ఇలా ఉంటుంది: మాట్లాడే తెలుగు అంటున్నారు సరే, ఎవరు మాట్లాడే తెలుగు? ఊరికో తీరు, కులానికో తీరు ఉంది. ప్రతివాడూ తన తీరులో రాస్తే ఇంకో ప్రాంతంవాడు చదవగలడా? గ్రంథభాష ఎవరిదీ కాదు కాబట్టి అందరిదీ. పైగా అది మారదు కాబట్టి వెయ్యేళ్ల సాహిత్యం చేతిలో ఉంటుంది.

ఇందులో మొదటి ప్రశ్న చాలా బలమైనది. దానికి వ్యావహారికవాదులు ఇచ్చిన జవాబు "శిష్ట వ్యావహారికం", అంటే చదువుకున్న పెద్దమనుషులు మాట్లాడే తెలుగు. ఆ జవాబులోనే తర్వాతి వందేళ్ల గొడవలకి బీజం ఉంది. దాని దగ్గరికి వస్తాను.

రెండో వాదన మాత్రం నిలబడలేదు. గిడుగు దాన్ని పండితుల ఆయుధంతోనే కొట్టాడు. 1933లో వచ్చిన గద్యచింతామణిలో పాత వచనం పోగేసి, అప్పటివాళ్లు కూడా వాడుక రూపాల్లోనే వచనం రాసేవారని చూపించాడు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజంలో, గ్రంథభాషను కాపాడతామంటున్న పండితుల రాతల్లోనే బాలవ్యాకరణానికి సరిపోని రూపాలు ఎన్ని ఉన్నాయో వెతికి పెట్టాడు. ఎవరికీ మాతృభాష కాని భాషలో తప్పు లేకుండా రాయడం దాన్ని కాపాడేవాళ్లకి కూడా చేతకాలేదు. కందుకూరి వీరేశలింగం లాంటి మనిషి, జీవితమంతా ఎక్కువగా గ్రాంథికంలో రాసినవాడు, చివరి రోజుల్లో, 1919లో, వ్యావహారికం వైపు వచ్చాడు. అది ఆయన పెద్దరికం.

మాటలు వేరు, వ్యాకరణం వేరు

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం సర్దుకోవాలి. వ్యావహారికం అంటే సంస్కృతం లేని తెలుగు అనుకుంటారు చాలామంది. కాదు. గొడవ పదజాలం మీద కాదు, పదరూపాల మీద. క్రియ చివర ఏముంది, విభక్తి ఎలా చేరింది, రెండు మాటల మధ్య సంధి తప్పనిసరా, ఇవీ ప్రశ్నలు. భాషలో పదాలు తలుపుల్లోంచి వస్తూ పోతూ ఉంటాయి, రూపవ్యవస్థ మాత్రం ఇంటి గోడల్లాంటిది, అంత తేలిగ్గా కదలదు. ఈ తేడా తెలియకపోతే శ్రీశ్రీ అర్థం కాడు.

మహాప్రస్థానం పుస్తకంగా 1950లో వచ్చింది, అందులో కవితలు ఎక్కువగా 1930లలో రాసినవి. కష్టజీవి పక్షాన నిలబడ్డ కవిత్వం అంటారు, అది నిజం. కానీ ఆ పుస్తకం పేరే సంస్కృతం, లోపల రథచక్రాలూ అలాంటి సమాసాలూ దండిగా ఉన్నాయి. ఇది వైరుధ్యం అని కొందరు వాదిస్తారు. జాగ్రత్తగా చూస్తే శ్రీశ్రీ వాడిన నామవాచకాలు ఎక్కువగా సంస్కృతం, క్రియలూ వాక్యాలూ మాత్రం మాట్లాడే తెలుగు, నడక మాత్రాఛందస్సు. ఆ నడక ఒక్కసారిగా ఊడిపడలేదు, గురజాడ 1910లో ముత్యాల సరాలతో మూడు నాలుగు మాత్రల లయను అచ్చులోకి తెచ్చాడు, శ్రీశ్రీ దాన్ని అందుకుని తనదైన వేగం ఇచ్చాడు. వృత్తాల్లో గురువు ఎక్కడ, లఘువు ఎక్కడ అన్నది ముందే తీర్మానమై ఉంటుంది. మాత్రల లయలో మొత్తం కాలం కుదిరితే చాలు. మాట్లాడే క్రియలు "వస్తున్నాయి", "పదండి" లాంటివి అందులో ఇరుక్కోకుండా కూర్చుంటాయి. సంస్కృత సమాసం మోగుతుంది, తెలుగు క్రియ పరిగెత్తుతుంది. ఆ రెండిటి కలయికే ఆ పుస్తకం బలం.

దానికి ముందు భావకవిత్వం సంగతి చూడండి. ఇంగ్లీషు రొమాంటిక్ కవుల ప్రభావం అంటారు. ఆ ఇంగ్లీషు కవుల్లో వర్డ్స్‌వర్త్ 1800లో రాసిన ముందుమాటలో మామూలు మనుషులు నిజంగా మాట్లాడే భాషలో కవిత్వం రాయాలన్నాడు. మన భావకవులు ఆ ఉద్యమం నుంచి అనుభూతి తీసుకున్నారు, ఆ భాషా ప్రతిపాదనను మాత్రం చాలావరకు వదిలేశారు. రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి మెత్తటి తత్సమాలతో, ఎక్కువగా పద్యంలో రాశారు. కృష్ణశాస్త్రి కృష్ణపక్షం 1925లో వచ్చింది. అదే ఏడాది నండూరి సుబ్బారావు ఎంకి పాటలు వచ్చాయి, అవి పల్లెటూరి వాడుకలో. అదే కాలం, అదే ప్రేమ, రెండు భాషలు. ఒక ఉద్యమం అంటే అందరూ ఒకే రకంగా రాయడం కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి జంట దొరకదు, ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవమని ఎవరికైనా గట్టిగా చెబుతాను.

జాషువా దగ్గరికి వస్తే మన లెక్కలన్నీ ఇంకోసారి తలకిందులవుతాయి. పాత ఛందస్సు అంటే పాత భావాలు, కొత్త ఛందస్సు అంటే కొత్త భావాలు అని ఒక సూత్రం మన బుర్రల్లో ఉంటుంది. 1941 నాటి గబ్బిలం పద్యకావ్యం. కాళిదాసు మేఘంతో సందేశం పంపించిన పాత కావ్యరీతిని తీసుకుని, గుడిలోకి రానివ్వని మనిషి చేత గబ్బిలంతో కాశీలోని శివుడికి మొర పంపించాడు. గబ్బిలానికి గుడిలోకి అడ్డం లేదు, మనిషికి ఉంది. ఆ ఒక్క ఎంపికలో మొత్తం వాదన ఉంది. ఎవరికి ఆ చదువు అక్కర్లేదన్నారో ఆ మనిషే వాళ్ల పద్యాన్ని వాళ్లకన్నా బాగా రాసి చూపించడం, అది కూడా భాష మీద హక్కు అడగడమే. గిడుగు దారి ఒకటి, జాషువా దారి ఇంకొకటి. పై భాషను కూలగొట్టడం ఒక పద్ధతి, అందులోకి బలంగా నడిచి వెళ్లి కూర్చోవడం మరో పద్ధతి.

ఇలాంటి గొడవ ఆధునిక కాలంలోనే మొదలైందనుకోకండి. నన్నయ పదకొండో శతాబ్దంలో భారతం అందుకున్నప్పుడు సంస్కృతం నుంచి వచ్చిన వృత్తాలు వాడాడు. పదమూడో శతాబ్దం పాల్కురికి సోమనాథుడు బసవపురాణాన్ని ద్విపదలో రాసి, అందరికీ అందేది ఇదేనని, జాను తెలుగు, అంటే తేట తెలుగు అని చెప్పుకున్నాడు. ఆయనకి సంస్కృతం రాక కాదు, శైవం అందరికీ చేరాలి కాబట్టి. మతం, కులం, ఛందస్సు, భాష ఒకే ముడిలో ఉండటం మనకి కొత్త కాదు.

యతి ప్రాసలు పోయాక లయ ఎక్కడుంది

వచన కవిత్వం మీద ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉంటుంది, వచనాన్ని ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి రాస్తే కవిత్వమా అని. పఠాభి 1939లో ఫిడేలు రాగాల డజన్‌తో పద్యాన్నీ, పేరు పెట్టి మరీ చిన్నయసూరి వ్యాకరణాన్నీ సవాలు చేశాడు. కుందుర్తి ఆంజనేయులు 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టి దాన్నే జీవితకాలం పనిగా పెట్టుకున్నాడు. కానీ ఆ ఫిర్యాదుకి సరైన జవాబు భాషాశాస్త్రం దగ్గరే దొరుకుతుంది. తెలుగు వాక్యంలో మామూలుగా క్రియ చివర వస్తుంది. "ఊరంతా నిద్రపోయింది" అంటే సమాచారం. "నిద్రపోయింది / ఊరంతా" అని విరిస్తే, ఎవరు అన్న ప్రశ్న ఒక క్షణం గాల్లో ఉండి అప్పుడు జవాబు పడుతుంది. యతి, ప్రాస చేసే పనిని ఇక్కడ వాక్యక్రమం చేస్తోంది. ఒకే రకం వాక్యాన్ని మూడుసార్లు వాడి నాలుగోసారి విరగ్గొట్టడం కూడా అలాంటిదే. రోమన్ యాకోబ్సన్ 1960లో కవిత్వానికీ భాషాశాస్త్రానికీ సంబంధం గురించి రాసినప్పుడు చెప్పింది స్థూలంగా ఇదే, కవిత్వంలో సమాంతరత పైకి వచ్చి కూర్చుంటుందని.

తెలుగులో ఈ రెండు శాస్త్రాలనూ ఒకే మనిషి మోసిన ఉదాహరణ చేకూరి రామారావు. వృత్తిరీత్యా భాషాశాస్త్రవేత్త, తెలుగు వాక్య నిర్మాణం మీద 1975లో తెలుగు వాక్యం అనే పుస్తకం రాశాడు. ఆయనే చేరాతలు శీర్షికతో వారం వారం కొత్త కవుల్ని పరిచయం చేశాడు, ముఖ్యంగా స్త్రీవాద కవిత్వం ఇంకా తిట్లు తింటున్న రోజుల్లో దాని పక్కన నిలబడ్డాడు. వాక్యాన్ని విప్పడం తెలిసిన మనిషి కవితను విప్పితే ఎలా ఉంటుందో చూడాలంటే చేరాతలు తీయండి.

దిగంబర కవుల దగ్గర ఇంకో భావన పనికొస్తుంది. రష్యన్ విమర్శకుడు ష్క్లోవ్‌స్కీ 1917లో, కళ చేసే పని అలవాటైపోయినదాన్ని మళ్లీ కొత్తగా, ఎరగనిదానిలా కనిపించేట్టు చేయడం అన్నాడు. 1965లో ఆరుగురు కవులు మారుపేర్లు పెట్టుకుని, రోజులకీ సంవత్సరాలకీ తమ సొంత పేర్లు పెట్టి, అచ్చులో ఎవరూ వేయని మాటలు వేసి, హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత మొదటి సంపుటి ఆవిష్కరింపజేశారు. అభ్యుదయ కవిత్వపు నినాదాలు అప్పటికి జనం చెవులకి అలవాటైపోయాయి, వాటిని కదిలించాలి. కదిలించారు. కానీ ఈ పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది: షాక్ కూడా అలవాటైపోతుంది. 1968లో మూడో సంపుటితో ఆ ప్రయోగం ఆగింది, 1970లో విప్లవ రచయితల సంఘం వచ్చినప్పుడు ఆరుగురిలో నలుగురు అటు వెళ్లారు. దీన్ని రాజకీయ పరిణామంగా మాత్రమే చెబుతారు, భాషాపరంగా కూడా అది తప్పని మలుపు అని నాకనిపిస్తుంది. తిట్టుకి ఇక పదును లేనప్పుడు పాట దగ్గరికి పోవాలి. విప్లవోద్యమం జముకుల కథనీ, జానపద బాణీలనీ అందుకుంది అందుకే.

గెలిచిన వాడుక మళ్లీ గోడ కట్టింది

ఇప్పుడు జయంతి రామయ్య పంతులు గారి ప్రశ్న దగ్గరికి. ఎవరి వ్యావహారికం? పత్రికలు, రేడియో, సినిమా, పాఠ్యపుస్తకాలు కలిసి జవాబు చెప్పేశాయి, కృష్ణా గోదావరి ప్రాంతాల్లో చదువుకున్న పై కులాల తెలుగు. దీన్ని భాషాశాస్త్రంలో ప్రామాణికీకరణ అంటారు. ఒక మాండలికం ప్రామాణికం అవడానికి దాని ధ్వనుల్లోనో రూపాల్లోనో ప్రత్యేకమైన గొప్ప ఉండదు. అచ్చుయంత్రాలు, పత్రికలు, కాలేజీలు, డబ్బు ఎక్కడున్నాయన్నదే తేలుస్తుంది. "వచ్చాడు" రాత అయింది, "వచ్చిండు" యాస అయింది. సినిమాల్లో చాలాకాలం రౌడీకీ, నవ్వించే పాత్రకీ దక్కింది. తెలంగాణ కవి కాళోజీ దీన్ని రెండున్నర జిల్లాల భాష అని తేల్చి చెప్పాడు. ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా, గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పదకొండు రోజుల తేడాతో వచ్చే ఆ రెండు రోజుల మధ్య ఈ మొత్తం కథ ఉంది. నా దృష్టిలో కాళోజీ గిడుగుకి వ్యతిరేకి కాడు, గిడుగు సగంలో ఆపిన వాదనను చివరిదాకా తీసుకెళ్లినవాడు.

కథలూ నవలలూ చదివేటప్పుడు ఒక పరీక్ష పెట్టి చూడండి, చాలా సంగతులు బయటపడతాయి. మాండలికం కొటేషన్ గుర్తుల లోపల ఉందా, బయట ఉందా? ఎన్నో కథల్లో పాత్రలు తమ యాసలో మాట్లాడతాయి, కథ చెప్పే గొంతు మాత్రం పత్రిక తెలుగులో ఉంటుంది. అంటే రచయితా పాఠకుడూ ఒక గట్టున, పాత్ర ఇంకో గట్టున. కథకుడి గొంతే మాండలికంలోకి దిగినప్పుడు ఆ దూరం పోతుంది. కథకుడు నామిని రాసిన పచ్చనాకు సాక్షిగాలో చిత్తూరు జిల్లా పల్లె తెలుగు మాటల్లో మాత్రమే ఉండదు, ఆలోచన కూడా అందులోనే ఉంటుంది. కన్యాశుల్కంలో గురజాడ ఒక్కో పాత్రకి ఒక్కో తెలుగు ఇచ్చినప్పుడు అది నాటకం కాబట్టి చెల్లింది, కథనం ఆ గీత దాటడానికి దశాబ్దాలు పట్టింది.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పర్యవేక్షణలో మాండలిక వృత్తి పదకోశాలు 1962 నుంచి రావడం మొదలైంది, మొదటిది వ్యవసాయం మీద, తర్వాత చేనేత మీద. జిల్లాలు తిరిగి రైతుల్నీ నేతపనివాళ్లనీ అడిగి, ఒక్కో పనిముట్టుకి ఎక్కడ ఏమంటారో రాసుకున్నారు. కావ్యాల్లో లేని మాటలు, కాబట్టి నిఘంటువుల్లో లేని మాటలు. దళిత, బహుజన రచయితలు పనిముట్ల పేర్లు, పనుల పేర్లు కవిత్వంలోకి తెచ్చినప్పుడు జరిగింది కూడా ఇలాంటి పనే. 1995లో వచ్చిన చిక్కనవుతున్న పాట సంకలనం చదువుతూ, అర్థం తెలియని ప్రతి మాట దగ్గరా ఆగి, ఇది నాకెందుకు తెలియదు అని అడుక్కుంటే విమర్శ అక్కడే మొదలవుతుంది. 1998 నాటి ముస్లింవాద సంకలనం జల్‌జలా పేరు నుంచే ఉర్దూని లోపలికి తెచ్చింది. మన సంప్రదాయ వ్యాకరణం అలాంటి మాటల్ని అన్యదేశ్యాలంటుంది. ఇంట్లో పుట్టినప్పటి నుంచీ విన్న మాట అన్యం ఎలా అవుతుందన్నది ఆ కవుల ప్రశ్న.

స్త్రీవాదం దగ్గర వ్యాకరణమే ఎదురు వస్తుంది. తెలుగులో ఏకవచనంలో "అతను వచ్చాడు", "ఆమె వచ్చింది", "కుక్క వచ్చింది". ఆడవాళ్లకి విడిగా క్రియారూపం లేదు, జంతువులతో, వస్తువులతో కలిపి ఉంది. బహువచనానికి వచ్చేసరికి "ఆడవాళ్లు వచ్చారు", "కుక్కలు వచ్చాయి", ఇక్కడ ఆడవాళ్లు మనుషుల్లో కలిశారు. పక్కనున్న తమిళంలో ఏకవచనంలోనే స్త్రీకి వేరే రూపం ఉంది. మహత్తు (మగవాళ్లు), మహతి (ఆడవాళ్లు), అమహత్తు (మిగతావి) అని మన వ్యాకరణాలు దీన్ని ఎప్పుడో వర్ణించాయి. ఇందులోంచి తెలుగువాళ్లు ఆడవాళ్లని వస్తువులుగా చూస్తారు అనే తీర్మానానికి దూకడం తప్పు, వ్యాకరణ లింగం ఆలోచనని అలా నేరుగా శాసించదు. ఏకవచనంలో ఇలాంటి వర్గీకరణ మనకి దగ్గరి చుట్టాలైన గోండి, కువి లాంటి భాషల్లోనూ ఉంది, ఏ కవీ ఏ పండితుడూ కూర్చుని చేసింది కాదు. కానీ గౌరవం ఇవ్వాలనుకున్నప్పుడు మనం "ఆమె వచ్చారు" అని బహువచనానికి పారిపోతాం చూడండి, అది గమనించదగ్గది. ఎవరికి "వచ్చారు", ఎవరికి "వచ్చింది" అన్నది ప్రతి కథలో, ప్రతి వార్తలో ఒక నిర్ణయం. యజమానురాలు వచ్చారు, పనిమనిషి వచ్చింది. రచయిత ఆ నిర్ణయం తెలిసి తీసుకున్నారా, అలవాటుగా పడిందా అని చూడటం మొదలుపెడితే కథ రెండోసారి వేరేగా కనిపిస్తుంది.

ఇదంతా చదవాలనుకునేవాళ్లు పెద్ద పుస్తకాలతో మొదలుపెట్టక్కర్లేదు. గురజాడ దిద్దుబాటు 1910 నాటి కథ, కొద్ది పేజీలే. ముందు దాన్ని చదివి, తర్వాత నీతిచంద్రికలోంచి ఒక పేజీ చదవండి. రెంటిలో క్రియలన్నీ గీత పెట్టి, ఎవరి నోటికి సరిపోతాయో రాసుకోండి. తర్వాత మీకు నచ్చిన ఈ కాలపు కథ ఏదైనా తీసుకుని అదే చేయండి. అందులో కథకుడి గొంతు ఏ ప్రాంతానిదో, ఎవరికి గౌరవ బహువచనం దక్కిందో, ఏ మాటలకి కొటేషన్లు పెట్టారో, ఏ మాట కింద అర్థం ఇవ్వాల్సి వచ్చిందని రచయితకి అనిపించిందో చూడండి. అర్థం ఇచ్చారంటే ఆ మాట తెలియని పాఠకుణ్ని ఊహించుకుని రాశారన్నమాట. ఆ ఊహలో పాఠకుడు ఎవరు, ఏ జిల్లా, ఏ ఇల్లు అన్న ప్రశ్నకి జవాబు రాయగలిగితే, ఆ కథ ఏ ఉద్యమానికి చెందుతుందో ఇంకొకరు చెప్పాల్సిన అవసరం ఉండదు.